ఎముక అతికేలోగా... బండి బాగు

మధ్యాహ్నం ఎండకి విజయవాడ ఆటోనగర్ రేకుల షెడ్లు సెగలు కక్కుతున్నాయి. నా బ్యాటరీ బండి డబుల్ స్టాండ్ మీద ఉంది. ముందు చక్రం నేరుగానే ఉన్నా హ్యాండిల్ మాత్రం రోడ్డు వైపు వంకరగా తిరిగి ఉంది. ఎడమ చెయ్యి మెడకు కట్టిన పట్టీలో పెట్టుకుని ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నాను. మా అక్క కొడుకు ఫోన్ టార్చి వేసి పట్టుకున్నాడు. మెకానిక్ ఎడమ బ్రేకు లీవరు విప్పి, దాని అడుగున ఉన్న రెండు సన్నటి తీగల్ని బయటికి లాగాడు. ఒకటి తెగి ఉంది. తెగిన చోట రాగి పచ్చబడింది.

"ఇది మీరు పడ్డప్పుడు తెగింది కాదండి మేడమ్. అప్పుడు తెగితే రాగి ఎర్రగా మెరుస్తా ఉండేది. చిలుము పట్టింది చూశారా? ఎప్పుడో తెగిపోయింది."

ఆ తీగ ఏం చేస్తుందో అప్పుడే తెలిసింది నాకు. బ్యాటరీ బండిలో బ్రేకు నొక్కగానే రెండు పనులు జరగాలి. చక్రం లోపలి బ్రేకు పట్టాలి, అదే క్షణంలో మోటారుకి కరెంటు ఆగిపోవాలి. ఆ రెండో పని చేసేది లీవరు కింద ఉండే చిన్న కటాఫ్ స్విచ్. అది చచ్చిపోయిన బండిలో ఎడమ చెయ్యి ఆపుతుంటే, కంగారులో కుడి చెయ్యి యాక్సిలరేటర్ వదలకపోతే, మోటారు ముందుకు తోస్తూనే ఉంటుంది. కాలువ పక్క రోడ్డు మీద ఎదురు దిశలో వచ్చిన ఆటోని తప్పించబోయినప్పుడు బండి ఎందుకు ఆగలేదో ఆ పచ్చ చిలుము చెప్పింది. అక్కడున్న ఇసుక మీద చక్రం జారింది. నేను ఎడమ భుజం మీద పడ్డాను. కాలర్ బోన్ విరిగింది.

ఇప్పుడు ఏ వీధిలో చూసినా శబ్దం లేకుండా వెళ్లే బళ్లే. బడికెళ్లే టీచర్లు, కూరగాయలు తెచ్చుకునే పెద్దవాళ్లు, పార్సిళ్లు మోసే కుర్రాళ్లు అందరూ వాటి మీదే తిరుగుతున్నారు. తెలంగాణలో 2024 నవంబరు 18 నుంచి విద్యుత్ వాహనాలకి రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా తీసేశారు. 2026 డిసెంబరు 31 వరకు ఆ మినహాయింపు ఇచ్చారు. కొనడం గురించి ఎన్నో మాటలు వింటున్నాం. పడ్డాక ఏం చేయాలి, ఆ బండిని మళ్లీ నమ్మొచ్చా, బాగు చేయించేటప్పుడు దేన్ని మార్చాలి, దేన్ని ముట్టుకోకూడదు అన్న మాటలు మాత్రం మెకానిక్ షెడ్డు దాటి బయటికి రావడం లేదు.

రెండు చక్రాల లెక్క

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లే. హెల్మెట్ లేక చనిపోయినవాళ్లు 50,029 మంది అని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెప్పింది. ఇవన్నీ చనిపోయినవాళ్ల లెక్కలు. చెయ్యి విరిగి, కాలు విరిగి, నెలల తరబడి ఇంట్లో కూర్చున్నవాళ్ల కథ ఏ పట్టికలోనూ పూర్తిగా కనిపించదు. వాళ్లలో చాలామందికి బండి అంటే ఉద్యోగం, పిల్లల బడి, డయాలసిస్‌కి వెళ్లే నాన్న.

ఆటోనగర్ షెడ్డులో నా పక్కనే కాలికి పిండికట్టుతో ఒక డెలివరీ కుర్రాడు కూర్చున్నాడు. బండి అద్దెది. బండి నడిచినా నిలిచినా రోజు అద్దె రోజుకి కట్టాలి. పని చేయని రోజు డబ్బు రాదు. "అన్నా, ఎల్లుండికి అవుద్దా?" అని అరగంటలో నాలుగుసార్లు అడిగాడు. మెకానిక్ ప్రతిసారీ ఓపిగ్గానే, "బండి అవుద్దిరా. నీ కాలు అవుద్దా?" అన్నాడు. కుర్రాడు తల దించుకున్నాడు. నాకు జీతంతో కూడిన సెలవు ఉంది. ఎముక అతికేదాకా ఆగే అవకాశం ఉంది. అతనికి లేదు. ప్రమాదం తర్వాత తొందరపడి మళ్లీ రోడ్డెక్కేవాళ్లని నిర్లక్ష్యపరులు అనే ముందు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

పట్టీలో చెయ్యి, ఒళ్లో స్క్రూలు

కాలర్ బోన్ విరగడం బళ్ల మీంచి పడేవాళ్లకి మామూలు దెబ్బ. భుజం నేలకి తగిలినప్పుడు ఆ తాకిడి అంతా ఆ సన్నటి ఎముక మీదికే వస్తుంది. ఎక్కువగా మధ్య భాగంలోనే విరుగుతుంది. పెద్దవాళ్లలో అతకడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. విరిగిన చోట మొదట రక్తం గడ్డకడుతుంది. రెండు మూడు వారాల్లో అక్కడ మెత్తటి కణజాలం వంతెన కడుతుంది. తర్వాత అది గట్టిపడుతుంది. నొప్పి తగ్గిన రోజుకి ఎముక బలపడినట్టు కాదు. ఈ ఒక్క విషయం తెలియకే చాలామంది నాలుగో వారంలో బండి తాళం తీస్తారు.

తెలుగువాళ్లకి ఎముక విరిగిందనగానే పుత్తూరు కట్టు గుర్తొస్తుంది. మా అమ్మ కూడా మొదట అదే అంది. ఏ కట్టు కట్టించుకున్నా ముందు ఎక్స్‌రే తప్పనిసరి అని నా అభిప్రాయం. వేళ్లు తిమ్మిరెక్కినా, చల్లబడినా, విరిగిన ఎముక చర్మాన్ని పైకి పొడుస్తున్నా ఆసుపత్రికే వెళ్లాలి.

పట్టీలో ఉన్నా వేళ్లు, మణికట్టు కదుపుతూ ఉండమన్నారు డాక్టరు. కదపకపోతే భుజం పట్టేస్తుంది. రబ్బరు బంతి నొక్కుతూ కూర్చుంటే విసుగొచ్చింది. అప్పుడే మా అక్క కొడుకు బండి ముందు డూమ్ విప్పి, స్క్రూలన్నీ తెచ్చి నా ఒళ్లో పళ్లెంలో పోశాడు. "పిన్నీ, పొడుగువి ఒకవైపు, పొట్టివి ఒకవైపు వేరు చెయ్యి" అన్నాడు. తర్వాత తుప్పు పట్టిన నట్లు గుడ్డతో తుడవడం, కనెక్టర్లకి పేర్లు రాసి టేపు అంటించడం నా పనులయ్యాయి. వేళ్లకి పని దొరికింది. అంతకంటే ముఖ్యంగా, పగలంతా ఆ ఆటోనే తలుచుకుంటూ పడుకునే పని తప్పింది.

చేతులకి పని ఇచ్చి బాగుచేసే ఈ ఆలోచన వందేళ్ల కిందటిదే. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తున్న 1916లో లండన్ షెపర్డ్స్ బుష్ ఆసుపత్రిలో ఎముకల వైద్యుడు రాబర్ట్ జోన్స్ గాయపడ్డ సైనికుల కోసం వర్క్‌షాపులు పెట్టించాడు. వడ్రంగం, లోహపు పని వంటివి చేస్తూనే వాళ్ల చేతులు, కాళ్లు మళ్లీ వాడుకలోకి వచ్చాయి. ఇవాళ ఆక్యుపేషనల్ థెరపీ అని పిలిచే వైద్యం ఎదగడానికి అలాంటి చోట్లు దోహదం చేశాయి. మన ఆసుపత్రుల్లో ఫిజియోథెరపీ దొరుకుతోంది కానీ, ఇంట్లో ఏ పని ఎప్పుడు మొదలుపెట్టొచ్చో కూర్చోబెట్టి చెప్పేవాళ్లు ఇంకా తక్కువే.

[బాక్స్] ప్రమాదం జరిగిన వెంటనే
108కి ఫోన్ చేయండి. రోడ్డు ప్రమాద బాధితులకి నగదు రహిత చికిత్స పథకాన్ని కేంద్రం 2025 మే 5న నోటిఫై చేసింది. దీని కింద గుర్తించిన ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, మనిషికి రూ. 1.5 లక్షల దాకా చికిత్స ఉచితం. గాయపడ్డవాళ్లకి మంచి మనసుతో సాయం చేసినవాళ్ల మీద కేసులు పెట్టకుండా మోటారు వాహనాల చట్టంలోని 134ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది. దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగున్నా పారేయండి. లోపలి థర్మోకోల్ లాంటి పొర ఒక్క గట్టి దెబ్బకే నలిగిపోతుంది, రెండోసారి కాపాడదు.

పడిన బండిలో కనిపించని దెబ్బలు

గీతలు, పగిలిన అద్దం, విరిగిన ప్లాస్టిక్ చూసి బాధపడతాం. ప్రాణం తీసేవి అవి కావు. ఆటోనగర్ మెకానిక్ మొదట చూసింది హ్యాండిల్ కింద చాసిస్ మెడ దగ్గరి వెల్డింగు. అక్కడ పెయింటు వెంట్రుక మందాన చిట్లినా బండి ఎక్కనివ్వనన్నాడు. తర్వాత ఫోర్కు. తర్వాత హ్యాండిల్ తిరిగే చోట ఉండే కోన్‌సెట్. హ్యాండిల్‌ని మెల్లగా ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పితే ఎక్కడా గరుకు తగలకూడదు. చక్రం గాల్లో తిప్పి, రిమ్ ఊగుతోందేమో పక్కనుంచి చూశాడు.

పెట్రోలు బండికీ దీనికీ తేడా వెనక చక్రం దగ్గర మొదలవుతుంది. మోటారు ఆ చక్రం లోపలే ఉంటుంది. దాని తీగలు ఇరుసు చివర నుంచి బయటికి వస్తాయి. బండి ఆ వైపు పడితే రోడ్డుకీ ఇరుసుకీ మధ్య తీగలు నలుగుతాయి. మూడు లావు తీగలు మోటారుకి బలం ఇస్తాయి, ఐదు సన్న తీగలు చక్రం ఎక్కడుందో మోటారుని నడిపించే కంట్రోలర్‌కి చెబుతాయి. పై తొడుగు చెక్కు చెదరకపోయినా లోపల రెండు తీగలు ఒకదానికొకటి అంటుకుని ఉండొచ్చు. దీనికో సులువైన పరీక్ష ఉంది. లావు తీగల కనెక్టర్లు విప్పేసి చక్రం చేత్తో తిప్పాలి. తేలిగ్గా తిరిగితే మంచిది. బరువుగా, పట్టిపట్టి తిరిగితే లోపల తీగలు కలిసిపోయినట్టే. నా బండి చక్రం తేలిగ్గానే తిరిగింది. షెడ్డులో అందరం ఊపిరి పీల్చుకున్నాం.

యాక్సిలరేటర్‌ని తిప్పి వదిలితే దానంతట అదే వెనక్కి రావాలి. వెనక చక్రం నేలకి ఆనకుండా పెట్టి, బండి ఆన్ చేసి యాక్సిలరేటర్ కొద్దిగా తిప్పాక, రెండు బ్రేకు లీవర్లనీ ఒక్కోటిగా నొక్కి మోటారు ఆగుతోందో లేదో చూడాలి. అంతా కలిపి ఒక్క నిమిషం కూడా పట్టదు. పడిన బండికే కాదు, సర్వీసు చేయించిన ప్రతిసారీ ఇది మీ కళ్ల ముందు చేసి చూపించమని అడగండి. కొత్త కటాఫ్ స్విచ్ ధర ఒక పూట హోటల్ భోజనానికి మించదు.

బ్యాటరీతో ఆటలొద్దు

2022 ఏప్రిల్‌ని మా విజయవాడ మరిచిపోలేదు. ఇంట్లో పడకగదిలో చార్జింగ్‌కి పెట్టిన బండి బ్యాటరీ పేలి ఒక వ్యక్తి చనిపోయాడు, కుటుంబ సభ్యులు గాయపడ్డారు. అదే నెలలో నిజామాబాద్‌లో అలాగే ఇంట్లో బ్యాటరీ పేలి ఒక పెద్దాయన చనిపోయాడు. అదే ఏడాది సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో కింద విద్యుత్ బళ్ల షోరూమ్, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు లేచి 8 మంది ప్రాణాలు పోయాయి. ఆ ఏడాది దుర్ఘటనల నేపథ్యంలోనే కేంద్రం ఏఐఎస్-156 అనే భద్రతా ప్రమాణాన్ని కఠినం చేసింది. 2022 డిసెంబరు 1న ఒక విడత, 2023 మార్చి 31న రెండో విడత అమల్లోకి వచ్చాయి. సెల్ వేడెక్కితే ముందే హెచ్చరించే ఏర్పాటు అందులో ఒకటి.

లిథియం బ్యాటరీకి గట్టి దెబ్బ తగిలితే అది వెంటనే ఏమీ చెప్పకపోవచ్చు. లోపల పొర నలిగి, గంటల తర్వాతో రోజుల తర్వాతో షార్ట్ కావచ్చు. ఒక సెల్ అంటుకుంటే ఆ వేడి పక్క సెల్‌ని అంటిస్తుంది. అందుకే పెట్టె సొట్టపడినా, ఉబ్బినా, వింత వాసన వచ్చినా, ఊరికే ఉన్నప్పుడు వెచ్చగా తగిలినా చార్జింగ్ పెట్టొద్దు. ఇంటికి దూరంగా ఆరుబయట ఉంచి కంపెనీకి కబురు చేయాలి. విప్పి చూద్దామన్న కుతూహలం ఇక్కడ పనికిరాదు. ఇది నేర్చుకుంటూ చేసే పని కాదు.

నా బండివి పాతకాలం లెడ్ యాసిడ్ బ్యాటరీలు. 12 వోల్టులవి నాలుగు, వరసగా కలిపితే 48. పడ్డ దెబ్బకి ఒకదాని మూల పగిలి యాసిడ్ కారింది. మిగతా మూడింటిని మల్టీమీటరుతో చూస్తే ఒకటి అప్పటికే నీరసించి ఉంది. వరసలో ఉన్నప్పుడు అన్నిట్లోంచి ఒకే కరెంటు పారుతుంది కాబట్టి ఒక్కటి అలసిపోతే బండంతా ఆగుతుంది. ఎడ్లబండికి కట్టిన జతలో ఒకటి కుంటిదైతే రెండోదాని బలం పనికిరానట్టే.

మార్పు ఎక్కడ మొదలుపెట్టాలి?

"పిన్నీ, ఎలాగూ విప్పాం కదా. వెయ్యి వాట్ల మోటారు వేయిద్దాం. యాభై కొడుతుంది" అన్నాడు మా వాడు. మెకానిక్ నవ్వలేదు. "బండి పడ్డాక అందరూ మోటారు గురించే అడుగుతారండి. బ్రేకుల గురించి అడిగినోళ్లు తక్కువ" అన్నాడు. నాకు ఆ మాటే ఈ కథనం రాయించింది.

వేగం రెండింతలైతే బ్రేకు పట్టాక ఆగడానికి పట్టే దూరం దాదాపు నాలుగింతలవుతుంది. నా బండి చాసిస్, డ్రమ్ము బ్రేకులు, టైర్లు అన్నీ గంటకి 25 కిలోమీటర్లకి చేసినవి. మోటారు మారిస్తే అవేవీ మారవు. పడితే ఎముకలూ అవే.

[బాక్స్] చట్టం ఏమంటుంది
మోటారు శక్తి 250 వాట్ల లోపు, గరిష్ఠ వేగం గంటకి 25 కిలోమీటర్ల లోపు ఉన్న బ్యాటరీ బండికి రిజిస్ట్రేషన్, లైసెన్సు అవసరం లేదు. కంట్రోలర్‌లోని వేగం లాకు తీయించి, పెద్ద మోటారు వేయించి ఆ హద్దు దాటితే ఆ మినహాయింపు పోతుంది. అప్పుడది రిజిస్ట్రేషన్, బీమా లేని మోటారు వాహనం. ఎవరినైనా గుద్దితే పరిహారం మీ జేబులోంచే. రిజిస్టరైన బండిని అనుమతి లేకుండా మార్పిస్తే 2019 సవరణ చట్టం ప్రకారం ఒక్కో మార్పుకి రూ. 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

మేం మొదట మార్చినవి బ్రేకు షూలు, కేబుళ్లు, రెండు లీవర్లలోని స్విచ్‌లు. తర్వాత టైర్లు. టైరు పక్కన అండాకారపు గడిలో ఉండే నాలుగు అంకెలు చాలామంది చూడరు. 2321 అని ఉంటే 2021వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. నావి చూడ్డానికి గాడులున్నా రబ్బరు గట్టిపడిపోయింది. అలాంటి టైరు ఇసుక మీద, తడి మీద పట్టు ఇవ్వదు. ఆ తర్వాత లైటు. వెనక అతికించే మెరిసే టేపు.

బ్యాటరీ మార్పు అన్నిటికంటే ఖరీదైంది, కానీ నాకు అన్నిటికంటే మేలు చేసింది. పాత నాలుగూ కలిపి పాతిక కిలోలకి పైమాటే. అంతే శక్తి ఇచ్చే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ప్యాక్ పది కిలోలకి అటూ ఇటూ. 3.2 వోల్టుల సెల్స్ 16 వరసగా కలిపితే 51.2 వోల్టులు. మిగతా లిథియం రకాల కంటే ఇది వేడికి ఎక్కువ తట్టుకుంటుంది. లెడ్ యాసిడ్ మూడు నాలుగు వందల పూర్తి చార్జింగులకే నీరసిస్తే ఇది రెండు వేలు దాటుతుంది. అతికిన భుజంతో డబుల్ స్టాండ్ వేసినప్పుడు తగ్గిన ఆ పదిహేను కిలోల విలువ తెలిసింది.

ఈ మార్పులో రెండు చోట్ల ప్రాణం ఉంది. ఒకటి, ప్యాక్ లోపల కాపలా కాసే బీఎంఎస్ అనే బోర్డు. కంట్రోలర్ లాగే కరెంటు కంటే దాని సామర్థ్యం ఎక్కువ ఉండాలి. లేకపోతే ఫ్లైఓవర్ ఎక్కుతుండగా కరెంటు తెంచేస్తుంది. రెండు, చార్జరు. పాత చార్జరు పాత బ్యాటరీలతోనే పోవాలి. కంపెనీ ఒప్పుకున్న ప్యాక్, పరీక్ష సర్టిఫికెట్ ఉన్న ప్యాక్ తప్ప వేరేది కొనొద్దు. పాత సెల్స్ ఏరి, కొత్త కవరు తొడిగి చవగ్గా అమ్మేవి బజారులో ఉన్నాయి. పాత బ్యాటరీలు మాత్రం చెత్తలో వేయకండి, కొన్న చోటే ఇచ్చేయండి. వాటిని వెనక్కి తీసుకునే బాధ్యతని 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు తయారీదారుల మీదే పెట్టాయి.

భయం పోవడానికి మందు లేదు

"ఆ బండి అమ్మేయవే" అంది మా అమ్మ. ఆవిడ తప్పు కాదు. పట్టీ తీసిన చాలాకాలానికి కూడా వెనక నుంచి ఆటో హారన్ వినపడితే నా భుజం దానంతట అదే బిగుసుకునేది. ప్రమాదం తర్వాత నిద్ర పట్టకపోవడం, అదే దృశ్యం కళ్ల ముందు ఆడటం, రోడ్డు దాటాలంటే వణుకు రావడం చాలామందికి ఉంటాయి. వారాలు గడిచినా తగ్గకపోతే మానసిక వైద్యుల్ని కలవాలి. మన ఇళ్లలో ఎముకకి ఇచ్చిన గౌరవం మనసుకి ఇవ్వరు. ముఖ్యంగా ఆడవాళ్లకి, "ఇక బండెందుకు, ఆటోలో పో" అన్న సలహాతో మాట ముగుస్తుంది. బండితో పాటు సొంతంగా తిరిగే స్వేచ్ఛ కూడా పోతుంది.

నాకు ధైర్యం ఇచ్చింది బండి లోపలంతా నా కళ్లతో చూడటం. ఏ తీగ ఎక్కడికి పోతుందో, ఎందుకు ఆగలేదో, ఇప్పుడు ఎందుకు ఆగుతుందో తెలిశాక అది అంతుచిక్కని యంత్రంగా మిగల్లేదు. రెండు లీవర్లూ గట్టిగా నొక్కగలిగాక, చెయ్యి భుజం పైకి నొప్పి లేకుండా లేచాక, డాక్టరు సరే అన్నాకే ఎక్కాను. మొదట తెల్లవారుజామున మా వీధిలోనే నడిపాను.

విప్పనిస్తేనే కదా బాగయ్యేది

నాది పాత రకం బండి కాబట్టి ఆటోనగర్‌లో విప్పగలిగారు. కొత్త బళ్లలో కంట్రోలర్, డిస్‌ప్లే, బ్యాటరీ ఒకదానితో ఒకటి సాఫ్ట్‌వేర్ తాళాలతో ముడిపడి ఉంటాయి. బయటి మెకానిక్ చెయ్యి పెట్టలేడు. కంపెనీ సర్వీసు సెంటర్‌లో విడిభాగం రాక బళ్లు నెలల తరబడి దుమ్ము పట్టి నిలబడి ఉన్నాయని తెలుగు రాష్ట్రాల్లో ఎవరిని కదిపినా చెబుతారు. రిపేరు హక్కు కోసం కేంద్ర వినియోగదారుల శాఖ 2022 జులైలో కమిటీ వేసింది. ఆటోమొబైల్స్‌ని కూడా అందులో చేర్చింది. ఆ ఏడాది డిసెంబరు 24న పోర్టల్ మొదలైంది. అందులో సమాచారం పెట్టడంతో సరిపోదు. బండి అమ్మేటప్పుడే వైరింగ్ పటం చేతికివ్వాలి. బండి ఆయుష్షు ఉన్నన్నాళ్లూ విడిభాగాలు అమ్మాలి. ఊరి మెకానిక్‌లకి శిక్షణ ఇవ్వాలి. ఇవి చట్టంగా రావాలి.

అప్పటిదాకా మన చేతిలో ఉన్నది ఒకటుంది. బండి సర్వీసు సెంటర్‌లో ఆగిపోతే జాబ్ కార్డు కాపీ అడిగి తీసుకోండి. అందులో తేదీ, సమస్య రాయించండి. చెప్పిన గడువు దాటితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.